తీగచుట్ట కార్ట్రిడ్జికి ట్రాన్స్‌ఫార్మరు జోడు: "మ్యాచింగ్" అను మాట వెనుకటి చరిత్ర

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నెలకొనియున్న తెలుగు కుటుంబముల చరిత్రను వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, గుడిలెక్కలను, ఇంటి దస్తావేజులను ఆధారములుగా గ్రహించుచున్నారు. గ్రామఫోను రికార్డులను ఆ వరుసలో చేర్చుట అరుదు. అయినను చెన్నపట్టణము, మదుర, బెంగుళూరు, బరంపురము మొదలగు చోట్ల పాతకాపురముల ఇండ్లలో ఈ నల్లపళ్లెరములు ఇంకను దొరకుచునే యున్నవి. 1878లో నంజనగూడున జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు గ్రామఫోనుకు పాడిరి. 1910లో ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి ప్రకటించిన విదుషియు ఆమెయే. మదురలో జన్మించిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు 1979–80 ప్రాంతమున అన్నమాచార్య సంకీర్తనలను 'బాలాజీ పంచరత్నమాల' అను ఎల్.పి. రికార్డుల వరుసలో పాడిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత రికార్డు ఆయన నిర్యాణానంతరము 1974లో వెలువడినది. తెలుగుమాట తెలుగునాటికి వెలుపల ఏ నోట ఎట్లు పలికినదో తెలుపు సాక్ష్యము ఇట్టి పళ్లెరములయందు కలదు.

ఈ సాక్ష్యమునకు ఒక చిక్కు ఉన్నది. తాళపత్రమును కంటితో చదువవచ్చును. రికార్డును యంత్రము లేక చదువజాలము. ఇప్పుడు పలుచోట్ల మనవారు రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించుచున్నారు. అరిగిన రికార్డును మరల మరల త్రిప్పరాదు గనుక ఒకటి రెండు మారులు త్రిప్పి, వచ్చిన ప్రతినే భద్రపరచుచున్నారు. కొంతకాలమునకు ఆ ప్రతియే మూలముగా చలామణి యగును. వ్రాయసకాని పొరపాటు ప్రతి ప్రతికిని సంక్రమించి తుదకు పాఠభేదముగా నిలుచుట సాహిత్య పరిష్కర్తలు ఎరిగినదే. రికార్డు విషయమున ఆ వ్రాయసకాని స్థానము గాడిలో నడచు ముల్లుది, దాని వెనుకనుండు విద్యుత్పరికరములది. ఆ వరుసలో మిక్కిలి చిన్నదియు, ఎక్కువ అపార్థములకు పాత్రమైనదియు నగు ఒక పెట్టెను గూర్చి ఈ వ్యాసము. దానిని స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు అందురు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జి, అనగా కదలెడు తీగచుట్టగల కార్ట్రిడ్జి, దానితో జోడు కూడవలెను. ఈ జోడుకు ఇంగ్లీషున 'మ్యాచింగ్' అని పేరు. ఆ మాట ఎక్కడనుండి వచ్చినదో తెలియనందుననే నేటికిని పలువురు పెద్ద సంఖ్య చూచి పెద్ద వెల పెట్టి, చిన్న ఫలము పొందుచున్నారని నా అభిప్రాయము.

మొదట ముల్లు చేయు పని చెప్పవలెను. రికార్డు గాడి వంకరలను అనుసరించి ముల్లు కదలును. సామాన్యముగా వాడుకలోనుండు మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జిలో ముల్లు కాడకు రెండవ కొనను చిన్న అయస్కాంతము అమరియుండును. అది కదలుచుండగా, ప్రక్కన కదలక నిలిచియున్న తీగచుట్టలలో విద్యుత్తు పుట్టును. నిలిచియుండు చుట్టలకు బరువు చింత లేదు. సన్నని తీగను ఎన్నియో చుట్లు చుట్టవచ్చును. కనుక సుమారు 5 మిల్లీవోల్టుల వోల్టేజి లభించును. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జిలో ఏర్పాటు తలక్రిందులు: అయస్కాంతము నిలిచియుండును, చుట్ట కదలును. కదలెడు చుట్ట ఎంత తేలికయైన ముల్లు గాడిని అంత నమ్మికగా అనుసరించును. తేలిక కావలెనన్న చుట్లు తక్కువ కావలెను. చుట్లు తక్కువయైన వోల్టేజి తగ్గును. అందుచేత ఇట్టి కార్ట్రిడ్జి చాలవరకు 0.2 మొదలు 0.5 మిల్లీవోల్టువరకే ఇయ్యగలదు. యాంప్లిఫయరుయొక్క ఫోనో ద్వారము మొదటి తెగకు తగినట్లు, అనగా 5 మిల్లీవోల్టులకును, 47,000 ఓముల భారమునకును ఏర్పడినది. పదవవంతో ఇరువదవవంతో మాత్రమే వచ్చుచున్న ఈ బలహీన స్వరమును ఆ గడపవరకు లేవనెత్తుటయే ట్రాన్స్‌ఫార్మరు పని. దానికి బ్యాటరీ అక్కరలేదు. వాల్వుగాని ట్రాన్సిస్టరుగాని కలిపెడు బుసయు దానియందు దాదాపు ఉండదు.

దీని పుట్టుక 1831 ఆగస్టు 29వ తేదీకి చెందినది. ఆనాడు లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే మెత్తని ఇనుప కడియముపై రెండు వేరువేరు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ తగిలించెను. రెండవ చుట్టకు చేర్చిన అయస్కాంతసూచి, బ్యాటరీ తగిలించిన క్షణమునను తీసివేసిన క్షణమునను మాత్రమే చలించెను. ప్రవాహము నిలకడగానున్నంతసేపు సూచి కదలలేదు. మారుచుండు ప్రవాహమే రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించునను సత్యము ఆ కడియమునుండి వెలువడినది. పాట యనునది నిత్యము మారుచుండు ప్రవాహమే గనుక, నూరేండ్లు దాటిన తరువాత అదే కడియము గ్రామఫోనుకు పనికివచ్చినది.

ట్రాన్స్‌ఫార్మరులో మొదటి చుట్టకు 100 చుట్లు, రెండవదానికి 1,000 చుట్లు ఉన్నచో వోల్టేజి పదిరెట్లగును. కాని శక్తి పెరుగదు. వెడల్పు గిన్నెలోని నీటిని సన్నని పొడవాటి చెంబులో పోసినచో మట్టము లేచును. నీరు మాత్రము ఉన్నంతే. వోల్టేజి పదిరెట్లయిన ప్రవాహము పదవవంతగును. ఈ రెండును కలిసిన ఫలమేమనగా, ట్రాన్స్‌ఫార్మరు వెనుకనున్న 47,000 ఓముల భారము ముందునున్న కార్ట్రిడ్జికి 47,000గా కానరాదు. నిష్పత్తియొక్క వర్గముచే భాగింపబడి కానవచ్చును. 1:10 నిష్పత్తిలో 100చే భాగింపగా 470 ఓములు. 1:20లో 400చే భాగింపగా సుమారు 117 ఓములు. ఈ 'వర్గము' అను మాటను మరువరాదు. చిక్కంతయు అందే యున్నది.

ఇక 'మ్యాచింగ్' సంగతి. 1840 ప్రాంతమున సెయింట్ పీటర్స్‌బర్గునందు పనిచేసిన మోరిట్జ్ జాకోబి ఒక సూత్రము చెప్పెను. విద్యుత్తును పుట్టించు వస్తువుయొక్క అంతర్నిరోధమును, దానిని అనుభవించు వస్తువుయొక్క నిరోధమును సమానములైనపుడు అత్యధికశక్తి బదిలీ యగునని దాని తాత్పర్యము. సూత్రము సత్యమే. అయితే దానిని పలువురు మరియొక విధముగా గ్రహించి, ఏ యంత్రమునుండియు సగమునకు మించి శక్తిని పొందజాలమని చాలకాలము నమ్మిరి. 1880 ప్రాంతమున ఎడిసన్ బృందము విద్యుద్దీపములకు డైనమోలు నిర్మించుచు, డైనమో అంతర్నిరోధమును బాగుగా తగ్గించి, భారమును దానికంటె పలురెట్లు ఎక్కువగా ఉంచినచో శక్తిలో అధికభాగము దీపములకే చేరునని నిరూపించినది. అత్యధికశక్తి వేరు, పొదుపు వేరు అని అప్పటికి తేలినది. గ్రామఫోను ముల్లుకు కావలసినది మొదటిదియు కాదు, రెండవదియు కాదు, వోల్టేజి మాత్రమే. ఈ మూడింటిని వేరుపరుపకుండుటయే మన కథలోని తిరకాసు.

సమానత్వమను భావమునకు బలము చేకూర్చినది టెలిఫోను. వందల మైళ్ల పొడవున తీగ వేసినపుడు, దాని కొనయందు తగిన నిరోధము లేకున్నచో మాట వెనుకకు మరలి ప్రతిధ్వనించును. అందుచేత టెలిఫోను ఇంజనీరులు ప్రతి సంధియందును రెండువైపులను సమానము చేయు ట్రాన్స్‌ఫార్మరులను అమర్చిరి. 600 ఓముల మర్యాద అచ్చటిదే. రేడియో స్టేషనులు, సినిమా ధ్వనిశాలలు ఆ పద్ధతినే పుచ్చుకొన్నవి. 1925లో గ్రామఫోను కంపెనీలు కొమ్ముబాకాను విడిచి మైక్రోఫోనుతో రికార్డు చేయుట ఆరంభించినపుడు వారు స్వీకరించిన పద్ధతియు టెలిఫోను కంపెనీకి చెందిన వెస్ట్రన్ ఎలెక్ట్రిక్ వారిదే. తీగలతోపాటు భాషయు వచ్చినది. 'ఇంపెడెన్సులను మ్యాచ్ చేయవలెను' అను వాక్యము మైళ్ల తీగనుండి, ఒక గజమైన లేని కార్ట్రిడ్జి తీగకు ఆ విధముగా దిగివచ్చినది. గజము తీగలో పాట ప్రతిధ్వనింపదు. అచ్చట సమానత్వముతో పని లేదు.

టెలిఫోను వారి మేలును సైతము చెప్పక తప్పదు. నికెలును ఇనుమును తగుపాళ్లలో కలిపిన పెర్మలాయ్ అను మిశ్రలోహమును వారి ప్రయోగశాలయందే గుస్తావ్ ఎల్మెన్ రూపొందించెను. అది అతిస్వల్పమైన ప్రవాహమునకు సైతము అయస్కాంతత్వము వహించును. 1924లో న్యూయార్కునుండి అజోర్సు ద్వీపములకు వేసిన సముద్రతంతి తీగకు దీనిని చుట్టిరి. ఆ కాలముననే ఇంగ్లండులో అదే అవసరమునకై మ్యూమెటల్ పుట్టినది. ఇనుముకన్న సులువుగా మేలుకొను ఈ లోహములు లేకున్నచో మిల్లీవోల్టులో అయిదవవంతు ట్రాన్స్‌ఫార్మరును దాటి బయటపడుట కష్టము. నేటి మంచి ట్రాన్స్‌ఫార్మరులలో గర్భలోహమును, పైకవచమును చాలవరకు ఈ జాతివే.

ఇప్పుడు డెన్మార్కునకు పోవుదము. కోపెన్‌హాగెనులో 1918న ఆక్సెల్ పీటర్సన్, ఆర్నాల్డ్ పౌల్సన్ అను ఇద్దరు ఇంజనీరులు మాటలాడు చలనచిత్రములకై ఒక సంస్థను స్థాపించిరి. దానినుండి వచ్చినదే ఆర్టోఫోన్. 'ఆర్థో' అనగా గ్రీకుభాషలో సరియైనది, 'ఫోన్' అనగా ధ్వని. మన వైయాకరణులైనచో 'సుశబ్ద' మని యుందురేమో! ఈ సంస్థ 1948లో మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జిని వెలువరించినది. కొలంబియా వారి 33⅓ చుట్ల ఎల్.పి. రికార్డు అమెరికాలో వచ్చినదియు ఆ సంవత్సరమే. 1958లో స్టీరియో రికార్డులు విపణిలోనికి రాగా, మరుసటి సంవత్సరము రాబర్ట్ గుడ్మన్‌సన్ రూపకల్పనమున ఎస్.పి.యు. అను స్టీరియో కార్ట్రిడ్జి వెలసినది. దాని చుట్ట నిరోధము సుమారు 2 ఓములు. ఇచ్చు వోల్టేజి సుమారు 0.2 మిల్లీవోల్టు. ఇంత స్వల్పమును ఎవరును వాడజాలరని తలచియో యేమో, ఆర్టోఫోన్ వారు ఎస్.పి.యు.-జి.టి. అను రకమున ట్రాన్స్‌ఫార్మరులను ముల్లు పట్టియుండు తలపెట్టెలోనే అమర్చి యిచ్చిరి. కొనువాడు నిష్పత్తుల చింత లేక నేరుగా తగిలించుకొనెడివాడు. ఒకే చేతిలో రూపొందిన జంట గనుక పొరపాటునకు తావు లేకుండెను.

పొరపాటునకు తావు జపానునుండి వచ్చినది. అయితే తప్పు జపానువారిది కాదు. జపాను జాతీయ ప్రసారసంస్థయగు ఎన్.హెచ్.కె. వారికి ప్రసారమునకై ఒక నమ్మకమైన స్టీరియో కార్ట్రిడ్జి కావలసివచ్చినది. నిప్పన్ కొలంబియా వారు డెనాన్ పేరుతో డి.ఎల్.-103ను వారితో కలిసి సిద్ధపరచిరి. 1964 నాటికి అది ప్రసారశాలలలో చేరినది. 1970లో సామాన్యజనులకు అమ్మకమునకు వచ్చి, నేటికిని అదే పేరుతో తయారగుచున్నది. దీని చుట్టకు తీగ ఎక్కువ. కనుక నిరోధము 40 ఓములు, వోల్టేజి 0.3 మిల్లీవోల్టు. ఇట్లు విపణిలో రెండు వంశములు ఏర్పడినవి: రెండు మూడు ఓముల డేనిష్ వంశము, నలుబది ఓముల జపాను వంశము. రెంటికిని పనికివచ్చునట్లు డెనాన్ వారు ఎ.యు.-320 వంటి ట్రాన్స్‌ఫార్మరు పెట్టెలపై ఒక మీట అమర్చి, దానికి '3 ఓములు', '40 ఓములు' అని గుర్తులు వ్రాసిరి. ఇతరులును ఆ త్రోవనే పోయిరి.

ఈ గుర్తును చదువుటలోనే చిక్కు పుట్టినది. '40 ఓములు' అనగా ఆ పెట్టె లోపల ఎచ్చటనో 40 ఓములు ఉన్నవనియు, కార్ట్రిడ్జియు 40 గనుక రెండును సమానములై మ్యాచ్ అయినవనియు పలువురు అనుకొనిరి. టెలిఫోను నాటి భాష వారిచేత అట్లు అనిపించినది. నిజమునకు ఆ గుర్తు పెట్టెయొక్క గుణము కాదు. ఈ మీటకు 40 ఓముల జాతి కార్ట్రిడ్జి తగునని చెప్పు చిరునామా మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరుకు తనదంటూ ఇంపెడెన్సు లేదు. వెనుకనున్న 47,000 ఓములను వర్గముచే భాగించి ముందునకు చూపుటయే దాని ధర్మము. 40 గుర్తునకు నిష్పత్తి తక్కువ, 3 గుర్తునకు ఎక్కువ. చిన్న సంఖ్యకు పెద్ద నిష్పత్తి యనునది మొదట చూచువారికి వింతగానే యుండును.

లెక్క వేసి చూచినగాని ఈ సంగతి మనస్సున నాటదు. డి.ఎల్.-103ను తీసికొందము: 0.3 మిల్లీవోల్టు, 40 ఓములు. ట్రాన్స్‌ఫార్మరు తీగల సొంత నిరోధమును ప్రస్తుతము విడిచెదము. 1:10 పెట్టెను తగిలించినచో కార్ట్రిడ్జికి కానవచ్చు భారము 470 ఓములు. కార్ట్రిడ్జి తన 40 ఓములలో పోగొట్టుకొనునది నూటికి 8 వంతులు మాత్రమే. 3 మిల్లీవోల్టులకు గాను 2.8 చేతికి వచ్చును. 1:20 పెట్టెయైనచో 6 రావలెను. కాని భారము 117 ఓములకు దిగుటచే నాలుగవవంతు కార్ట్రిడ్జిలోనే నిలిచిపోయి 4.5 మిల్లీవోల్టులు మిగులును. 1:34 వద్ద భారము సుమారు 40 ఓములగును. ఇదియే జాకోబి సూత్రము చెప్పిన సమానత్వము, 'మ్యాచింగ్' అను మాటకు అక్షరార్థము. అచ్చట 10 మిల్లీవోల్టులకు పైగా రావలసినది సరిగా సగమై 5.1 మిల్లీవోల్టులు మాత్రమే వచ్చును. ఇంతకు మించి ఈ కార్ట్రిడ్జినుండి ఏ ట్రాన్స్‌ఫార్మరుతోను రాదు. ఇంకను ఆశపడి 1:60 పెట్టెను కొన్నచో భారము 13 ఓములకు పడిపోవును. 18 మిల్లీవోల్టులు రావలసినచోట 4.4 వచ్చును. అనగా 1:20 పెట్టె ఇచ్చినదానికంటె తక్కువ! మూడురెట్లు చుట్లు చుట్టి, తుదకు ధ్వనిని తగ్గించుకొన్నట్లయినది.

అదే 1:20 పెట్టెకు ఆర్టోఫోన్ ఎస్.పి.యు.ను తగిలించి చూడుడు. 0.2 మిల్లీవోల్టు 4 మిల్లీవోల్టులగును. 117 ఓముల భారమునకు ముందు 2 ఓములు లెక్కలోనికే రావు. నష్టము నూటికి 2 వంతులు లేదు. 1:30 అయినను భారము 52 ఓములు. అదియు చుట్టకంటె ఇరువదియైదు రెట్లు ఎక్కువే. కనుక డేనిష్ కార్ట్రిడ్జికి 20 మొదలు 30 వరకు నిష్పత్తి హాయిగా సరిపోవును. జపాను కార్ట్రిడ్జికి 10 ఉత్తమము. 20 వద్దకు పోయినచో ధ్వని కొంత మెత్తబడును. కొందరికి ఆ మెత్తదనమే ఇష్టము. అది రుచిభేదము, తగవు లేదు. కాని రుచికై వినుట వేరు, మూలప్రతి వ్రాసికొనుట వేరు.

రెండు గుర్తులకును చెందని కార్ట్రిడ్జులును కలవు. డి.ఎల్.-103 వంశమునందే తరువాత వచ్చిన డి.ఎల్.-103ఆర్ అనుదాని నిరోధము 14 ఓములు, వోల్టేజి 0.25 మిల్లీవోల్టు. 3 గుర్తుకు పోవలెనా, 40 గుర్తుకు పోవలెనా? గుర్తులను నమ్మువాడు ఇచ్చట ఆగిపోవును. లెక్క తెలిసినవాడు 1:20 వేసి, 117 ఓముల భారమును చూచి, 4.5 మిల్లీవోల్టులతో తృప్తిపడును. కార్ట్రిడ్జి నిరోధమునకు కనీసము అయిదురెట్లు, వీలైన పదిరెట్లు భారము కానవచ్చునట్లును, ఫోనో ద్వారమునకు మూడు మొదలు అయిదు మిల్లీవోల్టులు చేరునట్లును నిష్పత్తిని ఎన్నుకొనుటయే ఈ విద్యలోని ప్రధానసూత్రము.

తెలుగు ఉపాధ్యాయుడను గనుక మాటను గూర్చి ఒక మాట. 'మ్యాచింగ్'ను 'సమీకరణము' అని తెనిగించినచో జాకోబి నాటి భ్రమను మనమును మోసికొన్నట్లే. 'పొందిక' అన్నచో సరిపోవునని తోచుచున్నది. పొందికలో సమానత్వము ఉండితీరవలెనను నియమము లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయినను రెండును ఇముడవచ్చును. కాడికి కట్టిన ఎడ్లకు సమానత్వము కావలెను. తలుపునకు గడియ పొందికగానుండిన చాలును. కార్ట్రిడ్జి, ట్రాన్స్‌ఫార్మరు అను రెండును తలుపు, గడియ వంటివి.

నష్టము వోల్టేజితో ముగిసినచో ధ్వనిమీటను కొంచెము త్రిప్పి ఊరకుందుము. అంతటితో ముగియదు. మొదటి చుట్టయొక్క ప్రేరకత్వము చాలనిచో మంద్రధ్వనులు సన్నగిల్లును. ఉదాహరణమునకు మొదటి చుట్ట ప్రేరకత్వము 0.3 హెన్రీ యనుకొందము. 2 ఓముల కార్ట్రిడ్జికి ఆ సన్నగిల్లుట సెకనుకు ఒక కంపనము వద్ద, అనగా వినికిడికి ఎంతో దిగువన మొదలగును. 40 ఓముల కార్ట్రిడ్జికి అదే చుట్ట 20 కంపనముల వద్దకు వచ్చును. మూడు ఓముల జాతికై తక్కువ చుట్లతో చుట్టిన పెట్టెలో ప్రేరకత్వము ఇంకను తక్కువ గనుక, దానికి నలుబది ఓముల కార్ట్రిడ్జిని తగిలించినచో మృదంగపు తొప్పి పలుచబడును. తంబుర క్రింది తీగ మసకబారును. వినువాడు రికార్డు అరిగినదని తలచును.

పైస్థాయి సంగతి ఇంకను సూక్ష్మము. ట్రాన్స్‌ఫార్మరునుండి యాంప్లిఫయరుకు పోవు తీగకు కెపాసిటెన్సు ఉండును. అదియు నిష్పత్తియొక్క వర్గముచే హెచ్చి కార్ట్రిడ్జికి కానవచ్చును: 150 పికోఫారడుల తీగ 1:20 పెట్టె వెనుక 60,000 పికోఫారడులుగా మారును. ఇది చుట్టలనుండి జారిపోవు ప్రేరకత్వముతో కలిసి ఒక స్థాయివద్ద ధ్వనిని ఉబికించును. మంచి పెట్టెయందు ఆ స్థాయి వినికిడికి ఎంతో పైన నుండును. నిష్పత్తి పెరిగిన కొలదియు, తీగ పొడవైన కొలదియు అది క్రిందికి దిగును. కనుక ట్రాన్స్‌ఫార్మరుకును యాంప్లిఫయరుకును నడుమ తీగ వీలైనంత పొట్టిగా నుండవలెను.

మావంటివారికి ఇది ఏల ముఖ్యమనగా, తమిళలిపి వాడుకలోనున్న సీమలో పెరిగిన మన పిల్లలకు ఒత్తక్షరములును, శ ష స ల భేదమును చెవితో పట్టించవలసియుండును. ఆ లిపియందు ఖ, ఘ మొదలగువానికి ప్రత్యేకాక్షరములు లేవు. పాఠశాలలో ఉచ్చారణ నేర్పుటకు పాతగాయకుల రికార్డులకంటె మేలైన సాధనము నాకు కానరాలేదు. ఊష్మాక్షరముల బలమంతయు పైస్థాయి కంపనములయందే యున్నది. ఆ ప్రాంతమున ధ్వని ఉబికినచో స కారము ఈలవలె కోసుకొనును, ష కారము స వైపు జరుగును. అణగినచో మూడును ఒకటే యగును. రేపు ఒక పరిశోధకుడు ఆ ప్రతిని విని, మనసీమ గాయకులు శ ష స ల భేదమును పాటింపలేదని వ్రాసినచో ఆ నింద ఎవరిది?

బుర్రుమను శబ్దమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. మిల్లీవోల్టులో అయిదవవంతు నడచుచోట ఇంటి కరెంటుయొక్క 50 కంపనముల హోరు సులువుగా చొరబడును. ఫ్యానుకు, యాంప్లిఫయరు విద్యుత్సరఫరా పెట్టెకు దూరముగా ట్రాన్స్‌ఫార్మరును ఉంచి, దానిని మెల్లగా అటు ఇటు త్రిప్పుచు హోరు తక్కువగానున్న దిశయందు నిలుపవలెను. ఇంకొక హెచ్చరిక: చుట్ట నిరోధమెంతో చూతమని సామాన్యపు మీటరును తగిలింపరాదు. దానినుండి ఒకేదిశగా పోవు ప్రవాహము సుకుమారమైన గర్భలోహమును అయస్కాంతముగా మార్చును.

1970వ దశకమున ట్రాన్సిస్టరులతో చేసిన ముందుమెట్టు యాంప్లిఫయరులు వచ్చి ట్రాన్స్‌ఫార్మరును కొంత ప్రక్కకు నెట్టినవి. మార్క్ లెవిన్‌సన్ సంస్థకు జాన్ కర్ల్ రూపొందించిన జె.సి.-1 వానిలో ప్రసిద్ధము. 1982లో కాంపాక్టు డిస్కు వెలువడగా కొన్నాళ్లకు రికార్డే మూలబడినది. మరల రికార్డులపై మక్కువ పెరిగిన ఈ కాలమున ట్రాన్స్‌ఫార్మరులును తిరిగి వచ్చినవి. వానితోపాటు '3', '40' గుర్తులును, 'మ్యాచింగ్' అను మాటయు వచ్చినవి.

మన సంఘములలో రికార్డులు ఎక్కించు పనికి పూనుకొన్నవారికి రెండు మనవులు. 78 చుట్ల లక్కరికార్డులకు ఎల్.పి. ముల్లు తగదు. ఆ గాడి వెడల్పు. దానికి అంగుళములో వేయింట మూడువంతుల మొనగల ముల్లు కావలెను. అట్టి ముల్లుగల కార్ట్రిడ్జి వేరు గనుక దాని వోల్టేజి, నిరోధము వేరు. దానికి పొందికయగు నిష్పత్తిని వేరుగా లెక్కించుకొనవలెను. రెండవది: ప్రతి రికార్డు ప్రతితోపాటు ఒక చీటీ ఉండవలెను. పరిష్కర్త తాను చూచిన తాళపత్రప్రతులను పీఠికలో పేర్కొన్నట్లు, ఆ చీటీయందు కార్ట్రిడ్జి పేరు, దాని ఓములు, ముల్లు మొన కొలత, ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తి, వెనుకనున్న భారము, ఎక్కించిన తేదీ వ్రాయవలెను. పెట్టెపైనున్న '3' లేక '40' అను గుర్తును వ్రాసి ఊరకుండరాదు; నిష్పత్తినే వ్రాయవలెను. ముల్లు మార్చినను, మీట జరిపినను, తీగ మార్చినను క్రొత్త చీటీ వ్రాయవలెను.